ఫెర్టిలైజర్స్ పక్కన ఫెర్టిలిటీ

గుంటూరులో నేను బీఎస్సీ చదివిన కాలేజీలో పిల్లల్ని పుస్తకాల బీరువాల దాకా పోనిచ్చేవారు కాదు. కౌంటరుకి అవతల బీరువాలు, ఇవతల మేము. మాకు అందుబాటులో ఉన్నదల్లా గోడవారగా నిలబెట్టిన టేకు కేటలాగు క్యాబినెట్ ఒక్కటే. అందులో చూసుకుని, పుస్తకం నంబరు స్లిప్పు మీద రాసి, కింద పేరు, క్లాసు, రోల్ నంబరు వేసి కిటికీలో ఇస్తే అటెండరు వెతికి తెచ్చేవాడు. తెచ్చి ఊరుకునేవాడు కాదు. అట్ట మీది పేరు కూడబలుక్కుని గట్టిగా చదివి, "ఇదెవరిదమ్మా?" అని హాలంతా వినపడేలా అడిగేవాడు. పాపం ఆయనకి చూపు సరిగా ఆనేది కాదు, ఎవరు ఏ స్లిప్పు ఇచ్చారో గుర్తుండేది కాదు. కానీ దానివల్ల కొన్ని పుస్తకాల జోలికి ఏ ఆడపిల్లా వెళ్ళేది కాదు.

కేటలాగు సంగతి వేరు. సొరుగు లాగి కార్డులు తిప్పుతుంటే, మనం ఏ కార్డు దగ్గర ఆగామో పక్కన నిలబడ్డవాళ్ళకి కూడా తెలియదు. పేరు రాయక్కర్లేదు, ఎవర్నీ అడగక్కర్లేదు. నాకు ఆ క్యాబినెట్ మీద మోజు పుట్టింది అందుకే.

1979లో బీజెడ్సీలో, అంటే బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ గ్రూపులో చేరాను. జువాలజీ ప్రాక్టికల్స్‌లో కోడిపిండం స్లైడ్లు ఉండేవి: 24 గంటలు, 33 గంటలు, 48 గంటలు, 72 గంటలు. ఇప్పటికీ 33 గంటల పిండం బొమ్మ చూడకుండా గీస్తాను. మనిషి పిండం దగ్గరికి వచ్చేసరికి లెక్చరర్ గారు "ఆ చాప్టరు మీరే చదువుకోండి" అనేసి, బల్ల మీద సుద్దముక్క పెట్టి వెళ్ళిపోయేవారు. ఇంట్లో మరీ అన్యాయం. మా పిన్ని పుట్టింటికి పురిటికి వస్తే, నడవాలో అమ్మమ్మా అమ్మా ఏదో గుసగుసగా మాట్లాడుకునేవారు. నేను వెళ్ళగానే మాట మార్చి ఆవకాయ సంగతి ఎత్తేవారు. బయట చేరడం, నెల తప్పడం, నీళ్ళాడటం: మాటలన్నీ నాకు తెలుసు. ఆ మాటల వెనక లోపల ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

సొరుగుల్లో అదంతా ఉంది! అయిదు అంగుళాల వెడల్పు, మూడు అంగుళాల ఎత్తు కార్డులు. ఎవరూ పీక్కుపోకుండా అడుగున చిల్లుల్లోంచి ఒక ఇత్తడి కడ్డీ. కార్డు నెత్తిన టైపు మిషను ఎర్ర రిబ్బనుతో కొట్టిన సబ్జెక్టు పేరు, ఎడమ పక్క డ్యూయీ నంబరు (విషయాన్ని బట్టి పుస్తకానికి వేసే అంకె), మధ్యలో రచయిత, పుస్తకం పేరు, ఊరు, ఏడాది, పేజీలు. బొమ్మలుంటే ఆ సంగతీ ఉండేది. బొమ్మలున్నాయని తెలిసి పుస్తకం అడగలేకపోవడం ఎంత బాధో అప్పటివాళ్ళకే తెలుసు.

మొదట ఆర్ సొరుగులో రిప్రొడక్షన్ దగ్గర మొదలుపెట్టాను. అక్కడ కార్డులు తక్కువే. వాటి వెనక ఒక "సీ ఆల్సో" కార్డు ఉండేది, అంటే ఇవి కూడా చూడండి అని. ఎంబ్రియాలజీ, ఫెర్టిలైజేషన్, జెనెటిక్స్, ప్రెగ్నెన్సీ, సెక్స్ అని వరస. దాని పక్కనే ఇంకో కార్డు: రిప్రొడక్టివ్ ఆర్గన్స్ కావాలంటే జెనరేటివ్ ఆర్గన్స్ దగ్గరికి వెళ్ళండి. సరే అని జీ సొరుగుకి పోతే అక్కడ ఇంకో నాలుగు చోట్లకి దారి. ఇలా ఒక సొరుగు మూసి ఇంకోటి తెరుస్తూ లంచ్ గంట అంతా గడిచిపోయేది. మెన్‌స్ట్రుయేషన్ కార్డు నుంచి ఓవ్యులేషన్‌కి, అక్కడి నుంచి మెనోపాజ్‌కి. నాకు ఆ మూడూ ఒకే దారం మీద ఉన్నాయని మొట్టమొదట తెలిసింది పుస్తకంలో కాదు, ఆ కార్డుల్లో. మా అమ్మ ఆ రోజుల్లో ఊరికే చిరాకు పడటం, అర్ధరాత్రి లేచి ఫ్యాను కింద కూర్చోవడం ఏమిటో కూడా అప్పుడే లీలగా అర్థమైంది.

అక్షర క్రమం అనేది సిగ్గూ ఎగ్గూ లేనిది. ఎఫ్ సొరుగులో ఫెర్టిలిటీ, వెంటనే ఫెర్టిలైజేషన్ ఆఫ్ ప్లాంట్స్, దాని వెనకే ఫెర్టిలైజర్స్ అండ్ మాన్యూర్స్. మిరపకి ఏ ఎరువు వేస్తే మంచిదో చూద్దామని వచ్చిన బోటనీ అబ్బాయి, ఫెర్టిలిటీ కార్డుల మీదుగా వేలు జరుపుకుంటూ పోవాల్సిందే. ఎల్ సొరుగులో లేబర్ అంటే ట్రేడ్ యూనియన్లు, సమ్మెలు, కనీస వేతనాలు. కొంచెం జరిగితే లేబర్, బ్రాకెట్లో అబ్‌స్టెట్రిక్స్, అంటే కాన్పు నొప్పులు. మా క్లాసులో ఎర్రజెండా మనిషి ఒకడు పొగాకు కంపెనీ కూలీల మీద వ్యాసం రాయడానికి వచ్చి, ఈ రెండో రకం కార్డులు చూసి, సొరుగు గభాల్న మూసి వెళ్ళిపోవడం నేను చూశాను. కూలీల కష్టం గురించి అంత మాట్లాడేవాడు, ఇది కూడా కష్టమేనని తోచలేదు కాబోలు.

ఎస్ సొరుగు గురించి చెప్పకుండా ఉండలేను. ఎక్కువ చేతులు పడ్డ కార్డుల పైఅంచు చెమటకి, మురికికి నల్లబడుతుంది. ఆ సొరుగుని పైనుంచి చూస్తే సెవెన్త్ డే అడ్వెంటిస్టుల కార్డులు తెల్లగా, షేక్‌స్పియర్ కార్డులు తెల్లగా, ఆ రెండింటి మధ్య ఉన్న కొద్ది కార్డులు మాత్రం నల్లగా, మెత్తగా, అంచులు రేగిపోయి ఉండేవి. నాలాగా నిలబడి చదివినవాళ్ళు ఎంతమందో! ఒక్కరం కూడా ఒకరితో ఒకరం చెప్పుకోలేదు.

అదే సొరుగులో కొంచెం వెనక స్టెరిలైజేషన్. బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించిన ఎమర్జెన్సీ ముగిసి రెండేళ్ళే అయింది అప్పటికి. మా ఊళ్ళో "ఆపరేషన్" అంటే ఏ ఆపరేషనో విడమరిచి చెప్పక్కర్లేని రోజులు. సొరుగులో మాత్రం మొదటి కార్డులు పాలు మరిగించడం, ఆస్పత్రి కత్తులూ కత్తెర్లూ శుద్ధి చేయడం గురించి. తర్వాత బ్రాకెట్లో బర్త్ కంట్రోల్ అని పెట్టిన స్టెరిలైజేషన్. ఆ తర్వాత ఒకే ఒక్క కార్డు: స్టెరిలైజేషన్, యూజెనిక్. అది నాకు అర్థం కాలేదు. పుస్తకం పేరులో ఇబ్బంది పెట్టే మాటేదీ లేదు కాబట్టి ధైర్యం చేసి స్లిప్పు రాశాను. అటెండరు పేరు పైకి చదివాడు, ఒక్కరూ తలెత్తి చూడలేదు. అమెరికాలో ఇండియానా రాష్ట్రం 1907లోనే జాతిని బాగుచేస్తామంటూ కొందరికి బలవంతంగా పిల్లలు పుట్టకుండా చేసే చట్టం తెచ్చిందనీ, 1927లో వాళ్ళ సుప్రీంకోర్టు అలాంటి చట్టాన్ని సమర్థించిందనీ, 1933లో జర్మనీలో నాజీలు అదే దారి పట్టారనీ అందులో చదివాను. మన సంజయ్ గాంధీ హయాం గురించి అరుగుల మీద కూర్చుని మాట్లాడుకునేవాళ్ళకి ఈ ముందు కథ తెలిసి ఉండదు. నాకు ఆ ఒక్క కార్డువల్ల తెలిసింది.

ఆ తర్వాత కిటుకు పట్టేశాను. పేరు చూస్తే బుద్ధిమంతుల్లా ఉండే పుస్తకాలు అడగడం. ఫిజియాలజీ, ఎండోక్రినాలజీ, జనాభా సమస్య... కార్డు మీద ఎర్ర అక్షరాల్లో అసలు సంగతి ఉంటుంది, అట్ట మీద ఉండదు. అటెండరు చదివేది అట్టనే కదా.

కుటుంబ నియంత్రణ కార్డులది ఇంకో తమాషా. మన దేశం 1952లోనే దాన్ని ప్రభుత్వ కార్యక్రమంగా మొదలుపెట్టింది, ప్రపంచంలో అలా చేసిన మొదటి దేశం మనదే. దాని గుర్తు ఎర్ర త్రికోణం లేని గోడ ఉండేది కాదు. ఊరంతా ఫ్యామిలీ ప్లానింగ్ అనేది. సొరుగులో మాత్రం ఫ్యామిలీ ప్లానింగ్ దగ్గర పుస్తకం ఒక్కటీ ఉండదు, "సీ బర్త్ కంట్రోల్" అని ఒక్క కార్డు ఉంటుంది అంతే. ఈలోగా ఎమర్జెన్సీ చేదు పోగొట్టడానికి 1977లో ప్రభుత్వం దాని పేరు కుటుంబ సంక్షేమం అని మార్చింది. కొత్తగా వచ్చే కరపత్రాల మీద సంక్షేమం, పాతవాటి మీద నియంత్రణ, కార్డు మీద అమెరికావాళ్ళ బర్త్ కంట్రోల్. అన్నీ ఒకే అట్టపెట్టెలో పడి ఉండేవి.

డిగ్రీ అయ్యాక లైబ్రరీ సైన్సు చదువుతానంటే ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. "పుస్తకాలు సర్దడానికి కూడా చదువా?" అన్నాడు మా బాబాయి. విశాఖపట్నం వెళ్ళాను. అక్కడే తెలిసింది, నేను మూడేళ్ళు తిప్పిన ఎర్ర అక్షరాలన్నీ ఎవరో కూర్చుని నిర్ణయించినవని. మినీ ఎర్ల్ సియర్స్ అనే ఆవిడ చిన్న లైబ్రరీల కోసం 1923లో సబ్జెక్టు పేర్ల పట్టిక ఒకటి అచ్చు వేసింది, పెద్ద లైబ్రరీలకి అమెరికావాళ్ళ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పట్టిక. మనకి సొంతం అనుకోవడానికి పుస్తకాల్ని విషయాలవారీగా విభజించే రంగనాథన్ గారి కోలన్ పద్ధతి ఉండనే ఉంది, 1933లో మద్రాసులో కూర్చుని చేసింది. లెక్కల మాస్టారు కాబట్టి విషయాన్ని ముక్కలు చేసి మళ్ళీ అతికించమన్నాడు. పరీక్షలో మాత్రం అది ఏడిపించేది.

అక్కడ మొదటిసారి బీరువాల మధ్యకి వెళ్ళనిచ్చారు. నేను తిన్నగా ఆరు వందల పన్నెండు దగ్గరికి నడిచాను. డ్యూయీ లెక్కలో 612.6 మనుషుల పునరుత్పత్తి. జంతువులది 591.16, అది ఇంకో గదిలో. ఆవులకీ గేదెలకీ సూదిమందుతో కట్టించడం 636లో, వ్యవసాయం పక్కన. లాం ఫారం (గుంటూరు పక్కన పశువుల పరిశోధన క్షేత్రం) ఊరినుంచి వచ్చినదాన్ని కాబట్టి నాకు అది బాగా తెలిసిన విషయమే, ఒంగోలు గిత్త గురించి సిగ్గుపడేవాళ్ళు మా వైపు ఎవరూ లేరు. గర్భం రాకుండా చూసుకోవడం 613.94, ఆరోగ్య సూత్రాల్లో. జనాభా లెక్కల్లో పడేసరికి సమాజశాస్త్రం, మూడు వందల్లో. పురుడు, బారసాల లాంటివి 392లో, ఆచారాల కింద. ఇదంతా తప్పా ఒప్పా అంటే 176, నీతిశాస్త్రం. ఒక్క ఆడమనిషి ఒక్క కడుపు, లైబ్రరీలో ఏడెనిమిది చోట్ల తిరగాలి.

618 దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. స్త్రీల వ్యాధులు, 618.2 ప్రసూతి శాస్త్రం, 618.4 కాన్పు, అంతవరకు బాగానే ఉంది. 618.92 పిల్లల జబ్బులు. 618.97 వృద్ధుల జబ్బులు. ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు, ముగ్గురికీ కలిపి ఒకటే నంబరు, ఆర్టీసీ బస్సులో ముందు సీట్ల మాదిరి. మగవాళ్ళ అవయవాలు మాత్రం 616.6లో కిడ్నీలు, మూత్రాశయం సరసన మామూలు వైద్యంలో ఉన్నాయి. మగవాడి ఒళ్ళు మామూలు ఒళ్ళు, మిగతావన్నీ ప్రత్యేకం అన్నమాట. క్లాసులో ఈ మాట అంటే సార్ నవ్వి, "డ్యూయీ ఆ పుస్తకం 1876లో వేశాడమ్మా, ఆయన్ని పిలిచి అడగలేం" అన్నారు. తర్వాత కాఫీ తాగుతూ, అమెరికాలో శాన్‌ఫర్డ్ బెర్మన్ అనే లైబ్రేరియన్ 1971లోనే ఇలాంటి సబ్జెక్టు పేర్ల మీద పుస్తకమే రాశాడని చెప్పారు. ఆడవాళ్ళ విషయంలో, నల్లవాళ్ళ విషయంలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పట్టికలో ఉన్న వంకర చూపు గురించి. నాకు ప్రాణం లేచొచ్చింది. మా కాలేజీ సొరుగుల్లో అన్‌మ్యారీడ్ మదర్స్ అని కార్డులు ఉండేవి, ఇల్లెజిటిమసీ అని ఉండేవి. పెళ్ళి కాని తండ్రుల కోసం నేను వెతికాను, మా దగ్గర ఒక్క కార్డూ లేదు.

ఉద్యోగం ఒక శాఖా గ్రంథాలయంలో వచ్చింది. పొద్దున పేపరు చదివే పెద్దమనుషులు, సాయంత్రం సీరియల్ నవలల కోసం ఆడవాళ్ళు, వేసవిలో పిల్లలు. ఇంగ్లీషు పుస్తకాలు అలమరకి సరిపడా కూడా లేవు. తెలుగు పుస్తకాలకి సబ్జెక్టు కార్డులు చేతిరాతవే, ఉన్నవి కూడా అరకొర. ఏ పేరు పెట్టాలో చెప్పే పట్టిక మా చేతికి ఎవరూ ఇవ్వలేదు, మనకి తోచింది మనం పెట్టుకోవడమే. ప్రసూతి, గర్భధారణ, శిశు సంరక్షణ అని నేనూ పెద్ద మాటలే పెట్టాను. ఆరోగ్య కేంద్రంలో పనిచేసే ఏఎన్ఎమ్ ఒకావిడ వచ్చి, చాలాసేపు సొరుగుల ముందు నిలబడి, చివరికి నా దగ్గరికొచ్చి "కాన్పు పుస్తకాలు లేవా మేడమ్ మీ దగ్గర?" అంది. ఆవిడ క సొరుగు అంతా చూసింది. పుస్తకాలేమో ప సొరుగులో కూర్చున్నాయి.

ఆ వారమే చూడుడు కార్డులు రాయడం మొదలుపెట్టాను. కాన్పు: ప్రసూతి చూడుడు. పురుడు: ప్రసూతి చూడుడు. నీళ్ళాడటం, నెల తప్పడం, వేవిళ్ళు, చూలింత, బాలింత, ముట్టు, పెద్దమనిషి కావడం. అమ్మమ్మ నడవాలో గుసగుసగా అన్న మాటలన్నీ నల్ల ఇంకుతో గుండ్రంగా రాసి కడ్డీకి గుచ్చాను. టెస్ట్ ట్యూబ్ బేబీ అని కూడా ఒకటి రాశాను, పేపర్లు చదివేవాళ్ళు ఆ మాటే అంటారు కాబట్టి. దాని వెనక ఒక కవర్లో పేపరు కటింగులు పెట్టేదాన్ని. 1978 జూలైలో ఇంగ్లండులో ప్రపంచంలోనే మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ లూయీస్ బ్రౌన్ పుట్టింది, ఆ ఏడాదే అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ ప్రయత్నంతో దుర్గ పుట్టింది. బెంగాల్ ప్రభుత్వం వేసిన కమిటీ ఆయన మాట నమ్మలేదు. 1981లో ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. 1986లో బొంబాయిలో పుట్టిన పాపే దేశంలో మొదటిదని అందరం రాసుకున్నాం, నా కవరు మీద కూడా అలాగే ఉండేది. ఆ బొంబాయి పాప పుట్టుకకి కారకుల్లో ఒకరైన ఆనంద్ కుమార్ గారే, కలకత్తా డాక్టరు చేతిరాత నోట్సు చదివి, మొదటి ఘనత ఆయనదేనని 1997లో ప్రకటించాడు. నేను కవరు మార్చాను. అంత పెద్ద మనసున్న శాస్త్రవేత్తలు అరుదు.

ఒక్క కార్డు దగ్గర మాత్రం పేచీ వచ్చింది. పిల్లలు లేకపోవడం గురించిన పుస్తకాలకి సంతానలేమి అని పేరు పెట్టాను. జిల్లా ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చిన పెద్దాయన సొరుగు తిరగేసి, మెచ్చుకుని, "గొడ్రాలు అని కూడా ఒక చూడుడు కార్డు పెట్టమ్మా" అన్నారు.

"ఆ మాట వద్దు సార్."

"నీకూ నాకూ నచ్చడం కాదు. జనం ఏ మాట పట్టుకుని వెతుకుతారో ఆ మాట దగ్గర నిలబడి దారి చూపించాలి. మన శాస్త్రం చెప్పేది అదే."

ఆయన అన్నది శాస్త్రప్రకారం అక్షరాలా నిజం, నేను పాఠంలో చదువుకున్నదీ అదే. "వెతికేది ఆ అమ్మాయే కదా సార్. తనని తాను ఆ మాట కింద వెతుక్కోదు" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "పిల్లలు లేకపోవడం అని పెట్టు పోనీ. అలాగే మగవాళ్ళ వైపు నంబరు కూడా వెయ్యి" అన్నారు. నిజమే, డ్యూయీ ఆ లోపానికి మగవాళ్ళకి 616.692 అని వేరే చోటిచ్చాడు, ఆడవాళ్ళకి 618.178. ఆయన చెప్పేదాకా నేను రెండో నంబరే వేశాను. మా దగ్గరున్న తెలుగు పుస్తకాలన్నీ ఆడవాళ్ళ గురించే కాబట్టి మొదటి నంబరు కింద పెట్టడానికి చాలా ఏళ్ళు ఒక్క పుస్తకం కూడా దొరకలేదు. అయినా నంబరు వేసి ఉంచాను.

ఇంకో సంగతి. పత్రికల్లో ఉన్నదేదీ ఈ సొరుగుల్లోకి రాదు. డాక్టర్ కేసరి గారి గృహలక్ష్మి లాంటి పాత పత్రికల్లో ఆడవాళ్ళ ఆరోగ్యం గురించి ఎంతో ఉంది, ఆయన లోధ్ర మందు పేరు వినని ఆడవాళ్ళు మా అమ్మమ్మ తరంలో లేరు. కేటలాగులో మాత్రం పత్రిక పేరుకి ఒక్క కార్డు, లోపల ఏముందో పేజీలు తిప్పినవాళ్ళకే తెలుస్తుంది. వేటపాలెం సారస్వత నికేతనానికి పాత పత్రికల కోసం వెళ్ళేవాళ్ళని చూస్తే నాకు జాలీ, అసూయా రెండూ కలిగేవి.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. కార్డుల్లో ఉన్నదంతా ఎక్కించడానికి కాంట్రాక్టు కుర్రాళ్ళని పెట్టారు, పుస్తకానికి ఇంత అని డబ్బులు. చూడుడు కార్డు పుస్తకం కాదు కాబట్టి దానికి డబ్బుల్లేవు, అందుకని ఎవరూ ఎక్కించలేదు. కార్డులు కట్టలు కట్టి వెనక గదిలో వేశారు, వెనకవైపు ఖాళీగా ఉంటుంది కదా అని లెక్కలు వేసుకోవడానికి వాడుకునేవారు. రిటైరయ్యే ముందు ఒకసారి కూర్చుని నెల తప్పడం అని కొట్టి చూశాను. ఫలితాలు లేవు అని వచ్చింది. ప్రసూతి అని కొడితే అన్ని పుస్తకాలూ వచ్చాయి.

నా సీట్లోకి వచ్చిన అబ్బాయి మంచివాడు, సాఫ్ట్‌వేర్ బాగా తెలిసినవాడు. నా కట్టలోంచి చూడుడు కార్డులన్నీ ఏరి, రబ్బరు బ్యాండు వేసి అతని చేతికిచ్చాను. పింఛను పనిమీద అటు వెళ్ళినప్పుడల్లా అడుగుతుంటాను. వేవిళ్ళు, కాన్పు ఎక్కించాడు. ముట్టు దగ్గర ఆగాడట, పైవాళ్ళని ఒక మాట అడిగి చేద్దామన్నాడు. "అడగక్కర్లేదు నాయనా, అది ఎప్పట్నుంచో కేటలాగులో ఉన్న మాటే, కావాలంటే కార్డు చూపించు" అన్నాను. కార్డు సొరుగులో పెట్టాను మేడమ్, చూపిస్తాను అన్నాడు.